కాయ ఎంచడం నేర్పిన ఇరవై రోజులు

ప్రసాదు గారి సదస్సులు

మా ప్రసాదు గారు సదస్సుకు బయలుదేరుతున్నారంటే నాకు దడ పుట్టేది. ఆయన ఖాళీ చేతులతో తిరిగొచ్చే మనిషి కాదు. ఒక ఏడాది ప్రొజెక్టరు తెచ్చారు. ఇంకో ఏడాది గోడంత చార్టులు తెచ్చారు. మరో ఏడాది బెలూన్లు. బెలూన్లతో గోపురం కట్టిస్తే పనివాళ్ళలో ఐకమత్యం పెరుగుతుందని ఎవరో చెప్పారట. నలభై మంది ఆడవాళ్ళు, అందులో సగం మంది అమ్మమ్మలు, బుగ్గలు నొప్పెట్టేదాకా ఊది గోపురం కట్టారు. సాయంత్రం గోపురం విప్పి మనవళ్ళకు పట్టుకెళ్ళారు. ఐకమత్యం సంగతేమో గానీ ఆ వారం హాజరు మాత్రం బ్రహ్మాండంగా ఉంది. మళ్ళీ బెలూన్లు ఇస్తారేమోనని.

నూజివీడు నుంచి హనుమాన్ జంక్షన్ వెళ్ళే రోడ్డు మీద ఆయనకు మామిడి ప్యాక్‌హౌస్ ఉంది. తోటల నుంచి వచ్చిన కాయకు తొడిమ కత్తిరించి, సొన కారనిచ్చి, కడిగి, ఎంచి, అట్టపెట్టెల్లో సర్ది పై దేశాలకు పంపే చోటు. అక్కడ శిక్షణాధికారిగా పదహారేళ్ళు చేసి ఈమధ్యే దిగిపోయాను. అంతకుముందు తొమ్మిదేళ్ళు ఒక దినపత్రిక డెస్కులో కూర్చుని ఊళ్ళ నుంచి వచ్చే వార్తలు దిద్దాను. మామిడి ధరల మీద నేను రాసిన వ్యాసమొకటి చదివి ప్రసాదు గారు ఫోన్ చేశారు.

"మీరు రాసింది మా అమ్మగారికి కూడా అర్థమైందండీ. మీరొచ్చి మా వాళ్ళకి అలా అర్థమయ్యేట్టు చెప్పాలి."

అర్థమయ్యేట్టు చెప్పడం, చేతికి పని రావడం ఒకటేనని ఆయన అనుకున్నారు. నేనూ అనుకున్నాను. ఆ పొరపాటు మీద చాలా కాలం జీతం తీసుకున్నాను.

ఇప్పుడు కంపెనీల్లో శిక్షణ ఉద్యోగాలకు వెళ్తున్న పిల్లలు కనబడితే ఒకటే అడుగుతారు: క్లాసు మంచిదా, వీడియో మంచిదా, పనిలో పెట్టి నేర్పడం మంచిదా అని. కూరకు ఉప్పు మంచిదా కారం మంచిదా అన్నట్టుంటుంది. ఏది దేనికి, ఏది ముందు అన్నదే తేల్చుకోవలసింది. నాకది ఒక వేసవిలో, పన్నెండు మంది ఆడవాళ్ళ దగ్గర, ఇరవై రోజుల్లో తెలిసింది. ఆ ఇరవై రోజుల సంగతే ఇది.

సుగుణమ్మకు పెట్టిన షరతు

కాయ ఎంచడమంటే బల్ల మీద దొర్లుతూ వచ్చే బంగినపల్లిలో లేతదీ మచ్చదీ పక్కకు తీసి, ముదిరిన మంచి కాయను మాత్రమే పెట్టెకు పంపడం. మచ్చ కంటికి కనబడుతుంది. లేతకాయతోనే చిక్కు. అది ముదురుకాయ ముఖమే పెట్టుకుని వస్తుంది. పెట్టెలో పండకుండా ముడతలు పడి, అక్కడ కొన్నవాడి చేత మనల్ని తిట్టిస్తుంది.

ముసునూరు సుగుణమ్మ పద్నాలుగు సీజన్లుగా ఆ బల్ల దగ్గర ఉంది. ఆమె కాయను చూస్తున్నట్టే ఉండదు. పక్కనావిడతో కోడలి సంగతులు చెబుతూనే ఉంటుంది, చెయ్యి తన పని తాను చేసుకుపోతుంది. అయితే సీజను రెండు నెలలే. మిగతా కాలమంతా మిరప కోతలకు, పత్తి తీతలకు ఊళ్ళు పట్టుకు తిరగాలి. నడుము పోయింది. ఆ ఏడాది లైను సూపర్‌వైజరు ఉద్యోగం ఖాళీ అయింది. అది ఏడాది పొడుగునా ఉండే పని. సుగుణమ్మ నేరుగా ప్రసాదు గారి గదిలోకి వెళ్ళి, "అది నాకివ్వండి బాబుగారూ" అని అడిగేసింది. నేను అక్కడే ఉన్నాను.

ఆయన ఇబ్బంది పడ్డారు. ఆ ఉద్యోగానికి తన బావమరిది కొడుకును అనుకుంటున్నారు. ఇంజనీరింగ్ చదివిన కుర్రాడు.

"సూపర్‌వైజరంటే పని చేయడం కాదమ్మా, చేయించడం. నేర్పడం. నీకు నేర్పడం వచ్చా?"

"ఏంటండీ అందులో? నా పక్కన నించుంటే వాళ్ళకే వస్తది."

"సరే. కొత్తగా పన్నెండు మంది వస్తున్నారు. నెలాఖరుకి కొనే కంపెనీ ఇన్‌స్పెక్టరు వస్తుంది. పన్నెండులో పదిమంది ఆవిడ పరీక్షలో నెగ్గాలి. నెగ్గితే ఉద్యోగం నీది." తర్వాత నా వైపు తిరిగారు. "మాస్టారూ, శిక్షణ మీ ఇద్దరిదీ. మన పద్ధతులన్నీ వాడండి."

మన పద్ధతులంటే ప్రొజెక్టరు, చార్టులు, ఆ ఏడాది సదస్సు నుంచి కొత్తగా తెచ్చిన ఫోన్ వీడియోలు. బెలూన్లు అయిపోయాయి గనక బతికిపోయాం.

చల్లటి హాలు

మొదటి క్లాసు ఆదివారం పెట్టాను. హాల్లో నేనూ ప్రొజెక్టరూ ఇద్దరమే ఉన్నాం. పది గంటలకు రోడ్డు మీద పాటలు వినబడి బయటికొచ్చి చూస్తే మా పన్నెండు మందిలో ఎనిమిది మంది మట్టలు పట్టుకుని ఊరేగింపులో నడుస్తున్నారు. ఈస్టరు ముందు వచ్చే మట్టల ఆదివారమని నాకు తట్టనే లేదు. నన్ను చూసి నవ్వుతూ చేతులూపారు. నేనూ ఊపాను. మిగతా నలుగురు? ఎనిమిది మంది రారని తెలిసి వాళ్ళూ రాలేదు. శిక్షణ ఉద్యోగంలో చేరేవాళ్ళు పాఠాల పుస్తకం కంటే ముందు ఊరి క్యాలెండరు కొనుక్కోవాలి.

సోమవారం అందరూ వచ్చారు. బయట ఎండ మాడుస్తోంది, లోపల ఏసీ. బొమ్మ కనబడాలని లైట్లు తీసేశాం. పాఠం నేనే తయారుచేశాను, నూట పది బొమ్మలతో. నలభయ్యో బొమ్మ దగ్గర వెనక వరసలో గురక మొదలైంది.

"పడుకుంటే ఎలాగమ్మా?"

"మా ఇంట్లో ఇంత చల్లగా ఉండదండీ" అంది పద్మావతి అనే ఆవిడ, బెదురుతూ. "కళ్ళు వాటంతటవే మూసుకుంటున్నయ్."

క్లాసు దండగ అని మాత్రం నేననను. చేతులు ఎలా కడుక్కోవాలి, సొన కంట్లో పడితే ఏం చెయ్యాలి, గాజులు తీసి ఎందుకు రావాలి లాంటివి అందరికీ ఒకేలా ఒక్కసారే చెప్పాలి. దానికి క్లాసే సరి. అరగంట చాలు. నేను రెండు రోజులు చెప్పాను. కాయ భుజాలు నిండడం, చర్మం మీద చుక్కలు తేలడం బొమ్మల్లో చూపించి, వాళ్ళు తలలూపితే వచ్చేసిందనుకున్నాను. డెస్కులో ఉన్నప్పుడు కూడా అంతే. రాసి పంపేశాక పాఠకుడికి అర్థమైందని నమ్మేవాణ్ణి, ఎవరూ తిరిగొచ్చి కాలేదని చెప్పరు గనక.

ఏసుబాబు మార్కులు

తర్వాత ఫోన్ వీడియోలు. రోజూ సాయంత్రం ఒక వీడియో పంపుతాం. చూసి, కింద ఇచ్చిన ప్రశ్నలకు జవాబులు నొక్కాలి. మార్కులు వెంటనే ప్రసాదు గారి ఫోన్లో పడతాయి. నాలుగు రోజుల తర్వాత ఆయన పరుగున వచ్చారు.

"చూశారా మాస్టారూ! రూతు! నాలుగు రోజులూ ఇరవైకి ఇరవై! ఈ అమ్మాయిని రేపే బల్ల దగ్గర పెట్టండి."

రూతును బల్ల దగ్గర పెట్టాం. చక్కటి కాయను తీసి పక్కన పడేసి, పిందెలాంటిదాన్ని ముద్దుగా పెట్టెలోకి పంపింది.

"ఇదేంటమ్మా? నీకు ఇరవైకి ఇరవై వచ్చినయ్ కదా?"

"నాకెక్కడొచ్చినయ్ మాస్టారూ? ఫోను మా ఆయన దగ్గరుంటది."

వాళ్ళాయన ఏసుబాబు నూజివీడు బస్టాండు దగ్గర ఆటో తోలుతాడు. సవారీలు లేనప్పుడు స్టాండులో కూర్చుని వీడియోలన్నీ చూసేవాడు, జవాబులు నొక్కేవాడు. మర్నాడు భార్యను దింపడానికి వచ్చినప్పుడు నన్ను ఆపి, బంగినపల్లి ముదురు లక్షణాలు ఏడు చెప్పాడు. ఏడూ సరైనవే.

"ఇంకా కొత్త వీడియోలేమన్నా ఉన్నయ్యా మాస్టారూ? మా స్టాండులో అందరం చూస్తన్నాం."

ఆ వేసవిలో మా ప్యాక్‌హౌస్ వల్ల మామిడి సంగతులు బాగా నేర్చుకున్నది నూజివీడు ఆటోస్టాండు.

ప్రసాదు గారికి ఈ సంగతి చెబితే ఆలోచించి, "ఏసుబాబు మన దగ్గరకొస్తాడేమో అడక్కూడదూ?" అన్నారు. చెడ్డ మనిషి కాదు. కొన్న వస్తువు పనిచేయలేదని ఒప్పుకోవడం మాత్రం ఆయన వల్ల కాదు.

ఎత్తిన వేళ్ళు

అక్కడికి వారం గడిచింది. మిగిలింది సుగుణమ్మ పద్ధతే. పన్నెండు మందినీ ఆమె బల్ల దగ్గర నిలబెట్టాను. ఆమె ఎంచుతుంది, వాళ్ళు చూస్తారు, తర్వాత వాళ్ళూ ఎంచుతారు. అడిగితే జవాబు ఒకటే.

"ఇది ఎందుకు తీసేశావక్కా?"

"లేత."

"లేతని ఎట్టా తెలిసింది?"

"చూస్తే తెలవట్లా?"

అయినా రెండు రోజుల్లో వాళ్ళ చేతుల్లో వేగం వచ్చింది. క్లాసులోనూ వీడియోలోనూ రానిది అదే. కాయను నొక్కకుండా పట్టడం, పడేయకుండా దించడం, రెండు చేతులూ వేరువేరుగా పనిచేయడం, ఇవన్నీ పక్కన నిలబడితేనే వస్తాయి. నాకు సంతోషం వేసింది. నోటుపుస్తకం పట్టుకుని బల్ల చుట్టూ తిరుగుతుంటే అప్పుడు కనబడింది: పన్నెండు మందీ కుడిచేతి చిటికెన వేలు పైకెత్తి కాయను పట్టుకుంటున్నారు.

"ఆ వేలెందుకమ్మా అలా?"

"పద్ధతండీ" అంది రూతు. "అట్టా ఎత్తితే కాయకి దెబ్బ తగలదంట."

"ఎవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. సుగుణమ్మ అలా పడుతుంది, వీళ్ళూ పట్టారు. ఎందుకో తెలియక తమకు తామే ఒక కారణం కల్పించుకున్నారు. సుగుణమ్మను అడిగితే ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక బల్ల మీద చెయ్యి కొట్టి నవ్వింది.

"నా వేలు తలుపు సందున పడి బిగదీసుకుపోయింది మాస్టారూ, మా చిన్నదాని పెళ్ళప్పుడు. ముడవలేను. ఓసి మీ దుంపలు తెగ, మీకేం రోగమే?"

దించమంటే దించారు. పావుగంటకు మళ్ళీ లేచాయి. చేతికి ఒకసారి అలవాటైంది ఓ పట్టాన వదలదు. పక్కన నిలబెట్టి నేర్పితే పనితోపాటు ఆ మనిషి నొప్పులు కూడా వచ్చేస్తాయి.

అసలు బాధ అది కాదు. వేగం వచ్చింది గానీ ఎంపిక రాలేదు. వాళ్ళు ఎంచిన కాయలు నూరు తీసి చూస్తే ఇరవైకి పైగా లేతవి. పదకొండు రోజులే ఉన్నాయి. ఆ సాయంత్రం సుగుణమ్మ ఖాళీ ట్రేల మీద కూర్చుని ఉంది.

"నాకు నేర్పడం రాదేమో మాస్టారూ. బాబుగారు చెప్పిందే నిజమేమో. ఆ అబ్బాయికే ఇచ్చేస్తారు. మళ్ళీ మిరపచేలకి పోవాల్సిందే."

నిజానికి తప్పు ఆమెది కాదు, నాది. పని వచ్చిన మనిషిని తెచ్చి నేర్పమన్నాను గానీ, ఎలా నేర్పాలో ఆమెకు ఎవరూ నేర్పలేదన్నది నాకు తోచలేదు. మీ కంపెనీల్లో కూడా ఈ తప్పు రోజూ జరుగుతుంది. బాగా పనిచేసేవాణ్ణి పట్టుకొచ్చి కొత్తవాళ్ళ ముందు నిలబెడతారు. ఆ పూట నుంచి రెండు పనులూ చెడతాయి.

పేరు రాసిన కాయలు

ఉపాయం నాది కాదు, రూతుది. మర్నాడు ఒక కాయ మీద ఆమెకూ పద్మావతికీ తగువు వచ్చింది. ముదురని ఒకరు, లేతని ఒకరు. సుగుణమ్మ "లేత" అని చెప్పి పక్కకు పడేసింది. రూతుకు ఒళ్ళు మండింది. ఆ కాయ తీసి, పెన్ను అడిగి, దాని మీద పేరు రాసింది.

"గడ్డిలో పెడతా అక్కా. పండితే నేను గెలిచినట్టు."

"పెట్టవే, పెట్టు. నీ మొహంలాగే ముడుచుకుపోద్ది."

నాకు వెంటనే వెలిగింది. మా పాఠాలన్నిటిలోనూ లేనిది అదే. వాళ్ళు పంపిన కాయ తర్వాత ఏమైందో వాళ్ళకు ఎప్పుడూ తెలియదు. పెట్టె మూసేస్తే వెళ్ళిపోతుంది. తప్పు చేసిన మనిషికి తప్పు కనబడకపోతే ఏం నేర్చుకుంటుంది?

ఆ రోజే పన్నెండు మంది చేతా తలా పది కాయలు ఎంపిక చేయించి, పేర్లు రాయించి, ఒక గదిలో వరిగడ్డి పరిచి పెట్టించాను. "మీరూ పెట్టండి" అంటే సుగుణమ్మ నవ్వి ఐదు పెట్టింది. ఆరు రోజులకు గడ్డి తీశాం. ఆ పొద్దున ఎవరినీ పిలవవలసిన పని లేకపోయింది. బస్సు దిగి నేరుగా గదిలోకే పరుగెత్తారు. పసుపుపచ్చగా పండినవి సగానికి పైగా ఉన్నాయి. మిగతావి తొక్క ముడతలు, గుంటలు పడి ఉన్నాయి.

"పద్మావతి కాయ చూడండే, మా అత్త బుగ్గల్లాగుంది!"

"నీ పది కాయల్లో ఆరుగురు అత్తలే ఉన్నారు, నువ్వు మాట్లాడకు."

రూతు పందెం కాయ ముడుచుకుపోయింది. సుగుణమ్మ గెలిచింది. తర్వాత ఆమె ఐదు కాయలూ బయటికి తీశారు. అందులో ఒకటి ముడతలు పడింది.

అందరూ ఆమె ముఖమే చూస్తున్నారు. ఆమె ఆ కాయను చేతిలో తిప్పి తిప్పి చూసింది. కత్తి అడిగి కోసింది. లోపల తెల్లగా ఉంది.

"ఇది ఏ తోట కాయ మాస్టారూ?"

లారీ చీటీలు చూసి చెప్పాను, కాలవ అవతలి తోటదని. ఆమె తల పంకించింది.

"అదీ సంగతి. ఆ తోట ఈ ఏడు రెండుసార్లు పూసింది. మొదటి పూత కాయా రెండో పూత కాయా ఒకే చెట్టున ఉంటయ్. సైజు ఒకటే, రెండోది మాత్రం లేత. భుజాలు చూసి నేను మోసపోయాను. ఇట్టా చూడండి, తొడిమ దగ్గర. ముదిరితే ఇక్కడ గుంట పడి భుజం పైకొస్తది. దీనికి గుంట లేదు. బరువు చూడండి, చేతికి తేలిగ్గా లేదూ?"

పద్నాలుగేళ్ళలో కాయ గురించి ఆమె నోటి నుంచి అన్ని మాటలు ఒకేసారి రావడం అదే మొదలు. తాను తప్పు చేసింది గనక కారణం వెతుక్కోవలసి వచ్చింది. కారణం దొరికింది గనక చెప్పగలిగింది. అనుమానంగా ఉన్న కాయలు తెప్పించి కోయించింది. కోసిన ప్రతి కాయకూ ముందు ఎందుకో చెప్పమంది. వీడియోను కూడా మళ్ళీ బయటికి తీశాం. మన పెట్టె అక్కడి దుకాణంలో తెరిచినప్పుడు లేతకాయ ఎలా ఉంటుందో చూపించే రెండు నిమిషాల ముక్క ఒకటుంది. మొదట ఎవరికీ పట్టని ఆ ముక్కను ఇప్పుడు మూడుసార్లు వేయించుకున్నారు. అదే వీడియో, వాళ్ళే మనుషులు. మధ్యలో ముడతలు పడిన కాయ ఒకటి చేతికి వచ్చింది, అంతే తేడా.

ఇన్‌స్పెక్టరమ్మ

ఇరవయ్యో రోజున హైదరాబాదు నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చింది. నవ్వని మనిషి. బల్ల చుట్టూ ఒకసారి తిరిగి ఆగిపోయింది.

"ఆ చిటికెన వేలు ఏంటి? ఏ పద్ధతి అది?"

ప్రసాదు గారు ముందుకొచ్చారు. "అది మా స్పెషల్ టెక్నిక్ మేడం. కాయ మీద ఒత్తిడి పడకుండా..."

"టెక్నిక్కు కాదండీ" అంది సుగుణమ్మ. "నా వేలు విరిగింది. నన్ను చూసి వీళ్ళు ఎత్తారు. ఎంత చెప్పినా దింపట్లా."

ప్రసాదు గారు కళ్ళు మూసుకున్నారు. ఇన్‌స్పెక్టరమ్మ ఏదో రాసుకుంది. తర్వాత పన్నెండు మందికీ తలా ఒక ట్రే ఇచ్చి ఎంచమంది. ఎంచాక ఒక్కొక్కరి దగ్గరా కాయ తీసి, ఇది ఎందుకు ఉంచావు, ఇది ఎందుకు తీశావు అని అడిగింది. రూతు దగ్గర ఒక కాయ పట్టుకుని, "ఇది బానే ఉంది కదా?" అంది.

"రెండో పూత కాయండీ. కోసి చూడండి."

కోసింది. తెల్లగా ఉంది. ఇన్‌స్పెక్టరమ్మ ఆ ముక్కను కాసేపు చూసింది.

పదకొండు మంది నెగ్గారు. పన్నెండో మనిషి పద్మావతి, భయపడి ట్రేలో ఉన్న కాయలన్నీ పక్కన పెట్టేసింది. పెట్టెకు ఒక్కటీ పంపలేదు.

"ఈవిడ వల్ల మాకేం నష్టం లేదు" అంది ఇన్‌స్పెక్టరమ్మ. "నష్టమంతా మీకే." అప్పుడు నవ్వింది. "వీళ్ళకి నేర్పిందెవరు?"

ప్రసాదు గారు నా వైపు చూశారు. ఆయన చూపు ఎప్పుడూ జీతం ఇచ్చిన దిక్కుకే పోతుంది. నేను సుగుణమ్మను చూపించాను.

సాయంత్రం ఆమెను గదిలోకి పిలిచారు. మాట తప్పే మనిషి కాదు గానీ, చివరిదాకా ఏదో ఒకటి తగ్గించుకోవాలని చూసే మనిషి.

"ఇచ్చినట్టే అనుకోమ్మా. ముందు ఏడాది ట్రెయినీ సూపర్‌వైజరుగా..."

"పద్నాలుగేళ్ళ నుంచీ ట్రెయినీగానే ఉన్నాను కదండీ బాబుగారూ."

ఆయన కలం తీసి ఉద్యోగం కాగితంలో ట్రెయినీ అన్న మాట కొట్టేశారు. బావమరిది కొడుకు తర్వాత విశాఖలో ఉద్యోగం చూసుకున్నాడు. ఇప్పటికీ పండ్లు పంపమని ఫోన్ చేస్తుంటాడు.

సుగుణమ్మ ఉద్యోగంలో చేరిన మొదటి రోజు పొద్దున్నే, నేను అలవాటుగా నోటుపుస్తకం పట్టుకుని బల్ల చుట్టూ తిరుగుతున్నాను. ఆమె నా చేతిలోంచి పుస్తకం తీసుకుని కిటికీలో పెట్టింది.

"చేతులు కడుక్కుని రండి మాస్టారూ. ఇవాళ మీరు బల్ల దగ్గర నించోవాలి."

నిలబడ్డాను. ఆడవాళ్ళంతా పని ఆపి చూస్తున్నారు. వచ్చిన మొదటి కాయను రెండు చేతులతో పట్టుకుని, తిప్పి చూసి, పెట్టెలోకి పంపాను. సుగుణమ్మ దాన్ని తీసి నా ముందే మళ్ళీ పెట్టింది.

"ఎందుకు? లేతా?" అన్నాను.

"నేను చెప్పనండీ" అంది. "ముందు మీరు చెప్పండి."